వియత్నాంకు నేను వార్డెన్‌గా వెళ్లలేదు

ముందే చెబుతున్నాను, ఆ ప్రయాణంలో నేను విద్యార్థినిని. నలభై ఏడేళ్ల విద్యార్థినిని. నవ్వొచ్చేవాళ్లు నవ్వుకుని చదవండి, నాకేం అభ్యంతరం లేదు. నవ్వాపుకుని "అంటే, పిల్లలకు తోడుగా వెళ్లారన్నమాట" అనేవాళ్లతోనే నాకు పేచీ.

పటాన్‌చెరు దాటాక పాశమైలారం వైపు ఒక మాత్రల కంపెనీలో ఇరవై రెండేళ్లుగా క్వాలిటీ విభాగంలో పనిచేస్తున్నాను. నా పని కాగితాలు చూడటం. యంత్రం దగ్గర ఎవరు ఏ గంటకు ఏం రాశారు, ఆ గంటకే రాశారా, లేక షిఫ్టు చివర కూర్చుని ఒకే పెన్నుతో ఒకే ఊపులో గళ్లన్నీ నింపేశారా అన్నది పట్టుకోవడం. ఈ పని చేసేవాళ్లకు మెత్తని నోరు ఉండదు. ఉంటే పని జరగదు. మా అమ్మానాన్నలు గోదావరి వైపు నుంచి ఇక్కడి పెద్ద సర్కారు ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి, టౌన్‌షిప్ క్వార్టర్లో సంసారం పెట్టినవాళ్లు. నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. ఇంట్లో వాళ్ల మాట, గేటు దాటితే వీళ్ల మాట. రెండింటిలోనూ తగువు పడగలను.

సంగారెడ్డి దారిలోని ఒక కాలేజీ ఉద్యోగస్తుల కోసం ఆదివారాలు మేనేజ్‌మెంట్ కోర్సు నడుపుతోందని తెలిసి చేరాను. నాకంటే పదేళ్లు చిన్నవాడు ఆ డిగ్రీ పట్టుకుని వచ్చి నా మీద మేనేజరుగా కూర్చున్నాడు. ఇంకేం కారణం కావాలి? క్లాసులో మిగతా వాళ్లంతా ముప్ఫై లోపు. రెండో ఏడాదిలో తొమ్మిది రోజుల విదేశీ యాత్ర ఉంటుందని చేరేటప్పుడే చెప్పారు. ఈసారి వియత్నాం అన్నారు. పాస్‌పోర్టు తీయించుకుని, సెలవు మంజూరు చేయించుకుని, నేను లేని తొమ్మిది రోజులూ కిష్టారెడ్డిపేటలోని మా అపార్ట్‌మెంట్లో నీళ్ల ట్యాంకర్ ఎలా పిలవాలో మా ఆయనకు నేర్పించి సిద్ధమయ్యాను.

ప్రయాణానికి వారం ముందు, యాత్ర బాధ్యతలు చూసే మా సారు నన్ను వరండాలో ఆపారు. ఆయనకు ముప్ఫై నాలుగేళ్లుంటాయి. మార్కెటింగ్ చెబుతారు. చేతిలో ఒక కాగితం పెట్టారు. ఏడుగురు ఆడపిల్లల పేర్లు, గది నంబర్లు, ఇంటి ఫోన్లు. "మేడమ్, మీరు పెద్దవారు. వీళ్లను కాస్త కనిపెట్టుకోండి. మీరున్నారని చెప్తేనే పేరెంట్స్ ఒప్పుకున్నారు" అన్నారు.

ఆ జాబితాలో ఎనిమిదో పేరుగా నేనెందుకు లేనని అడిగాను. ఆయన నవ్వారు. నేను నవ్వలేదు. నేనూ పరీక్ష రాసి సీటు తెచ్చుకున్నదాన్నేననీ, నన్ను ఎవరు కనిపెట్టుకుంటారో కూడా రాయమనీ చెప్పి కాగితం తిరిగి ఇచ్చేశాను. విమానాశ్రయంలో అదే కాగితం, ఈసారి ప్లాస్టిక్ కవరులో పెట్టి, మళ్లీ నా చేతికి వచ్చింది. వెనుక క్యూ నెట్టుకొస్తోంది, వాదించడానికి చోటు లేదు. సంచిలో పడేసుకున్నాను. అది నేను చేసిన మొదటి తప్పు.

మేం దిగింది దక్షిణాన ఉన్న పెద్ద నగరంలో. గదికి ఇద్దరు. నాతో చిట్కుల్ నుంచి వచ్చిన ఇరవై నాలుగేళ్ల అమ్మాయిని వేశారు. పెళ్లయి ఏడు నెలలు. ఒక రంగుల కంపెనీలో స్టోర్సులో ఉద్యోగం. క్లాసులో వెనక బెంచీ, పిలిస్తే తప్ప పలకదు. గదిలోకి అడుగుపెట్టగానే, "ఆంటీ, మీరు ఏ మంచం తీసుకుంటరు?" అంది.

"మంచం సంగతి తర్వాత. ముందు ఆంటీ అనుడు బంద్ జెయ్యి."

"మరేమనాలె?"

"క్లాసుల మిగిలినోళ్లను ఏమంటవ్?"

"పేరు వెట్టి పిలుస్త."

"నన్ను గూడ గట్లనే పిలువు."

పాపం ప్రయత్నించింది. నోరు తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది. ఆఖరికి తల అడ్డంగా ఊపి, "నాతోని కాదు, అక్కా అంట" అంది. ఒప్పందం కుదిరింది. కిటికీ పక్క మంచం నేను తీసుకున్నాను.

ఆ సాయంత్రం అందరూ తలా ఒక దిక్కు తిరగడానికి బయల్దేరుతూ, ఒక్కొక్కరే మా గది తలుపు తట్టి పాస్‌పోర్టులు ఇచ్చి వెళ్లారు. "మీ దగ్గరుంటే బేఫికర్ మేడమ్." ఆడపిల్లలు ఇచ్చారంటే సరే, సారు కాగితం ఉంది. మగపిల్లలూ ఇచ్చారు. వద్దనాల్సింది. కానీ వాటిని గదుల్లో దిండ్ల కింద వదిలేస్తారని తెలిసి వద్దనడం నా వల్ల కాలేదు. ఇరవై రెండేళ్ల ఉద్యోగం మనిషిని అలా పాడుచేస్తుంది. బరువెక్కిన సంచి భుజానికి తగిలించుకుని నేనూ, నా గది పిల్లా ఊరు చూడటానికి దిగాం.

ఆ ఊళ్లో స్కూటర్లు ఏరులా పారతాయి. సిగ్నల్ ఉన్నా లేకున్నా పారతాయి. నాకు భయం వేయలేదు. ఇస్నాపూర్ చౌరస్తాలో లారీల మధ్య నుంచి పాతికేళ్లుగా రోడ్డు దాటుతున్నదాన్ని. మా పద్ధతి అందరికీ తెలిసిందే: ఒక చెయ్యి అడ్డంగా ఎత్తాలి, పక్కవాళ్ల జబ్బ పట్టుకోవాలి, ఒక్క పరుగు తీయాలి. అదే చేశాను. నాలుగు బళ్లు కీచుమని ఆగాయి, ఐదోది నా గది పిల్ల చున్నీని రాసుకుంటూ పోయింది. ఒకాయన హెల్మెట్ అద్దం పైకెత్తి ఏదో అన్నాడు, అర్థం కాకపోయినా అర్థమైంది. అదే సమయానికి ఒక ముసలామె చేతిలో కూరల సంచితో, ఎవరివైపూ చూడకుండా, గుడికి వెళ్తున్నంత నింపాదిగా నడిచి అవతలికి చేరింది. బళ్లన్నీ ఆమెకు అటూ ఇటూ తప్పుకుని పోయాయి. అక్కడ పరిగెత్తేవాళ్లే ప్రమాదం. నెమ్మదిగా, ఆగకుండా నడిస్తే వాళ్లే చూసుకుంటారు. తిరుగు దారిలో అలాగే నడిచాం. నడిపించింది ఆ పిల్లే. నేను వెనక నడిచాను, కానీ ఆ సంగతి క్లాసులో చెప్పలేదు.

రెండో రోజు అక్కడి కాలేజీలో కూర్చోబెట్టి కార్యక్రమం వివరించారు. మమ్మల్ని మూడు గుంపులు చేశారు. మూడో రోజు ఒక్కో గుంపు ఒక్కో ఫ్యాక్టరీ చూడాలి. నూడుల్స్‌ది ఒకటి, బూట్లది ఒకటి, మాత్రలది ఒకటి. నాలుగో రోజు పొద్దున అక్కడి ప్రొఫెసర్లు, ఆ ఫ్యాక్టరీల వాళ్ల ముందు గుంపుకొకరు లేచి, చూసిందేమిటో ఎనిమిది నిమిషాలు చెప్పాలి. ఒక్కరే చెప్పాలి. ఆ మార్కులు కోర్సులో కలుస్తాయి. మా గుంపుకు మాత్రల ఫ్యాక్టరీ వచ్చింది.

ఆ ఎనిమిది నిమిషాలు నాకు కావాలి. ఎందుకో చెబుతాను. మా కంపెనీకి ఏటా తనిఖీకి మనుషులొస్తారు. నెల ముందు నుంచి ప్రతి కాగితం నేను చూస్తాను, ప్రతి జవాబు నేను తయారుచేస్తాను. వాళ్లొచ్చిన రోజు మేనేజరు లేచి మాట్లాడతాడు, నేను వెనక కుర్చీలో కూర్చుని ఫైళ్లు అందిస్తాను. మేనేజర్లు నలుగురు మారారు. కుర్చీ మారలేదు. ఇరవై రెండేళ్లలో నేను చూసిన దాని గురించి నేనే లేచి నా నోటితో ఒక గది ముందు మాట్లాడింది లేదు. ఇంత నోరు పెట్టుకుని.

మా గుంపులో ఎనిమిది మందిమి. నాయకుడు బోల్టుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఇరవై ఏడేళ్ల కుర్రాడు, మంచివాడే, మాట చక్కగా పడుతుంది. అందుకే అందరూ అతనికి అప్పజెప్పారు. అతను పనులు పంచి నా దగ్గరికి వచ్చేసరికి, "మేడమ్, లాస్ట్‌ల థ్యాంక్యూ మీరు చెప్పుండ్రి. పెద్దోళ్లు చెప్తె మంచిగుంటది" అన్నాడు.

"బోల్టుల ఫ్యాక్టరీకి పోయినమంటె నేను నోరు దెరవ. ఇది మాత్రల ఫ్యాక్టరీ. నువ్వు మాత్రలు మింగుడు గాక ఇంకేం జేసినవో చెప్పు" అన్నాను.

పిల్లలు నవ్వారు. అతనూ నవ్వాడు, తగ్గలేదు. తను రెండు పోటీల్లో ప్రైజులు తెచ్చాడనీ, మాట్లాడటం వేరు, తెలియడం వేరనీ అన్నాడు. నేను ఒప్పుకోలేదు. అరగంట సాగింది. చివరికి ఒక షరతు మీద కుదిరింది: రేపు ఫ్యాక్టరీలో ఎవరు అందరికంటే గట్టి విషయం పట్టుకొస్తే వాళ్లే మాట్లాడాలి. ఆ షరతు పెట్టింది నేనే. కాగితాలున్న చోటికి నన్ను తీసుకెళ్లి, విషయం పట్టుకు రమ్మంటే నాకంటే ఎవరు పట్టగలరు?

మూడో రోజు. ఫ్యాక్టరీ ఊరి శివార్లలో. గేటు దాటుతుంటేనే ఇంటికొచ్చినట్టు అనిపించింది. మా వైపు గాలికుండే ఘాటు మాత్రం లేదు. లోపల మమ్మల్ని చూసుకోవడానికి ఒకామె వచ్చింది. నా వయసే, కురచ జుట్టు. ఆమెదీ క్వాలిటీనేనట. ఇద్దరిదీ గుమాస్తా ఇంగ్లీషే కనుక ఇబ్బంది లేకుండా అర్థమైంది. మాత్రలు తయారయ్యే హాలులోకి వెళ్లాలంటే బట్టల మీద గౌను, తలకు టోపీ, కాళ్లకు తొడుగులు వేసుకోవాలి. ఒంటి మీద నగ ఉండకూడదు. గాజు, ఉంగరం, తాడు, ఏదీ. లోపలికి రానివాళ్లు బయటి నడవాలో నిలబడి పొడవాటి అద్దంలోంచి చూడొచ్చు.

నేను అలవాటు మీద చెవి దిద్దులు, గాజులు, మెట్టెలు, పుస్తెలతాడు తీసి పళ్లెంలో పెట్టేశాను. మా కంపెనీలో రోజూ పొద్దున లాకర్లో పెట్టి సాయంత్రం వేసుకుంటాను. పక్కకు చూస్తే మా చిట్కుల్ అమ్మాయి గాజులు తీసింది, ఉంగరం తీసింది, చెయ్యి గుండె మీదికి వెళ్లి ఆగిపోయింది.

వాళ్ల కంపెనీలో స్టోర్సు వాళ్లకు ఈ బాధ లేదు. మా వైపు కొన్నిచోట్ల తాడు లోపలికి వేసుకుని పైన టేపు అంటించుకోనిస్తారు. ఇక్కడ అది కుదురుతుందా అని అడిగాను. కుదరదంది ఆమె, మర్యాదగానే. ఇక నేను అమ్మాయి వైపు తిరిగి మొదలుపెట్టాను. రోజూ తీస్తున్నాను కదా, మా ఆయనకు ఇరవై రెండేళ్లలో జుట్టు ఊడటం తప్ప ఏమీ కాలేదన్నాను. ఇంత దూరం వచ్చి అద్దం బయట నిలబడతావా అన్నాను. చదువుకున్నదానివి అన్నాను. ఇంకా చాలా అన్నాను.

అంతా విని, గొంతు పెంచకుండా చెప్పింది. "మా ఆయన బాయిలర్ కాడ జేస్తడు అక్కా. నేను ఈడ తీసినంక ఆడ ఏమన్న అయితె, బతికినన్ని దినాలు గిదే యాదికొస్తది. మీరు జెప్పింది నిజమే. గని తియ్య."

మా ప్రాంతంలో ఫ్యాక్టరీ ప్రమాదం సైరన్ మోగితే వీధిలోని ఆడవాళ్లంతా ఏ వైపు నుంచి అని వాకిట్లోకి వస్తారు. పళ్లెం పక్కకు జరిపి నా గౌను అందుకున్నాను.

సారుకు ఇదంతా చూసి కంగారు. అమ్మాయిని ఒక్కదాన్నే నడవాలో ఎలా వదులుతాం, వాళ్ల ఇంట్లోవాళ్లకు నేను మాటిచ్చాను, అన్నారు. తరువాతి మాట వచ్చేలోపే నాకు తెలుసు ఏమొస్తుందో. "మేడమ్, మీకు ఇవన్నీ తెలిసినవే కదా. మీరు ఆమెతో బయట ఉండిపోండి."

నాకు తెలిసినవే కనుక నేను చూడక్కర్లేదట. తెలియనివాళ్లు వెళ్లి చూసొచ్చి చెబుతారట. ఒక్క క్షణం గౌను నాడా చేతిలో అలాగే పట్టుకుని నిలబడ్డాను. తర్వాత సంచి తెరిచి, ప్లాస్టిక్ కవరులోని ఆ కాగితం తీసి సారు చేతిలో పెట్టాను.

"మాటిచ్చింది మీరు సార్. మీరుండండి. ఆమె కంపెనీలో ఉద్యోగం చేసే మనిషి, అద్దం ముందు కుర్చీలో కూర్చోడానికి నేనక్కర్లేదు. నేను విద్యార్థినిని, లోపలికి వెళ్తున్నాను."

గౌను బిగించుకుని వెళ్లిపోయాను. సారు నిజంగానే బయట ఉండిపోయారు. గంటసేపూ ఫోను చూసుకున్నారని తర్వాత తెలిసింది.

లోపల నేను రాణిలా తిరిగాను. ఏ గది గాలి ఏ గదిలోకి పోకూడదో, ఏ తలుపు తెరిస్తే ఏది తెరుచుకోదో పిల్లలకు చెప్పుకుంటూ పోయాను. మా నాయకుడు కూడా రాసుకున్నాడు. మాత్రలు అచ్చొత్తే యంత్రం పక్కన అట్టకు తగిలించి ఒక కాగితం వేలాడుతోంది. భాష రాకపోతేనేం, గళ్లు నాకు తెలుసు. సమయం, బరువు, సంతకం. మా దగ్గరైతే అరగంటకోసారి మాత్రలు తూచి అందులో రాయాలి. ఆ కాగితంలో ఆ రోజు పొద్దుటి నుంచీ ఒక్క గడి కూడా నింపలేదు. యంత్రం మాత్రం గడగడా తిరుగుతోంది.

దొరికింది. షిఫ్టు చివర నింపుతారన్నమాట, అచ్చం మనలాగే. గౌనులు విప్పే గదిలో మా వాళ్లకు తెలుగులో అదే చెప్పాను. మెరిసే అద్దాలూ, తెల్ల గోడలూ చూసి మోసపోకండి, కాగితం చూడండి అన్నాను. మా నాయకుడి కళ్లు వెలిగాయి. "దొరకవట్టిన్రు మేడమ్. ఇగ రేపు మీరే మాట్లాడుండ్రి. షరత్ అంటె షరతే" అన్నాడు. అందరూ సరేనన్నారు. ఎనిమిది నిమిషాలు నావి.

అక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? అందరూ బస్సు వైపు వెళ్తుంటే నేను వెనక్కి తిరిగి ఆ కురచ జుట్టు ఆమె దగ్గరికి వెళ్లాను. పొద్దుటి నుంచీ మీ కాగితం ఖాళీగా ఉందేమని అడిగాను. గొంతులో కాస్త గెలుపు ఉండే ఉంటుంది. ఆమె నొచ్చుకోలేదు. పక్క గదిలోకి తీసుకెళ్లి కంప్యూటరు తెర చూపించింది. యంత్రం తానే తూస్తోంది, తానే రాసుకుంటోంది, నిమిష నిమిషానికీ బరువు కింద బరువు పేరుతోంది. ఆ వేలాడే కాగితం కరెంటు పోయి కంప్యూటరు ఆగిన రోజుకట. పై వరసలో పెద్ద అక్షరాలతో అదే రాసి ఉందట. ఆ వరస నేను చూడలేదు. చదవలేను కనుక అది ఉందన్న సంగతే నా కంటికి ఆనలేదు. గళ్లు చూశాను, తీర్పు చెప్పేశాను.

అప్పుడు ఆమె అడిగింది, "మీ దగ్గర తర్వాత నింపుతారా?" వెక్కిరింత కాదు, తెలుసుకోవడానికే. లేదన్నాను. మా దగ్గర అలాంటిది జరగదన్నాను. ఒక క్వాలిటీ మనిషి మరో క్వాలిటీ మనిషితో ఆడిన పచ్చి అబద్ధం అది. ఆమె తల ఊపింది. నమ్మిందో లేదో తెలియదు.

బస్సులో నలభై నిమిషాలు. నా చుట్టూ పిల్లలు రేపు చూపించే స్లైడ్ల మీద ఖాళీ కాగితం బొమ్మ ఎలా వేయాలా అని ఉత్సాహంగా మాట్లాడుకుంటున్నారు. నేను నోరు విప్పలేదు. విప్పితే షరతు ప్రకారం ఆ ఎనిమిది నిమిషాలు పోతాయి. విప్పకపోతే రేపు అక్కడి వాళ్ల ముందు లేచి, వాళ్ల ఫ్యాక్టరీ మీద లేని తప్పు మోపాలి. కాగితం సంగతి వదిలేసి గాలీ తలుపుల గురించి చెప్పేస్తే? ఎవరికీ తెలియదు కదా అని కూడా ఆలోచించాను. అబద్ధమెందుకు, చాలాసేపే ఆలోచించాను. మా కంపెనీలో ఆపరేటర్లు అచ్చం ఇలాగే ఆలోచించుకుంటారు కాబోలు, గడి నింపే ముందు.

హోటల్ కింద ఐసు వేసిన కాఫీ ఇచ్చే చోట అందరూ కూర్చున్నాక చెప్పేశాను. నేను చూసింది తప్పు. ఆమె తెర చూపించింది. మా నాయకుడి మొహం వాడిపోయింది. "అయితె ఇగ మనకు పాయింటే లేదు గదా మేడమ్" అన్నాడు. గాలీ తలుపులూ పుస్తకంలో కూడా ఉంటాయన్నాడు. నిజమే. నా దగ్గర ఇంకేం లేదు. మరైతే తనే ఏదో ఒకటి కూర్చుకుని మాట్లాడతానన్నాడు. షరతు నేను పెట్టిందే, కాదనలేను. కాఫీలో ఐసు ముక్కలు స్పూనుతో తిప్పుతూ కూర్చున్నాను.

అప్పుడు చివరి కుర్చీలోంచి మా చిట్కుల్ అమ్మాయి, గ్లాసుకేసి చూస్తూ, "పెన్నులు గూడ లేవు అక్కా" అంది.

ఏ పెన్నులు అన్నాను.

"గంట సేపు అద్దంల నుంచి చూసిన. లోపల పదకొండు మంది ఉన్నరు. ఒక్కల చేతిల పెన్ను లేదు. జేబుల లేదు, చెవి మీద లేదు. మా దగ్గరైతె ప్లాంటుల ప్రతోని జేబుకు పెన్ను ఉంటది, స్టోర్సుల ఇచ్చేది నేనే గదా. ఈళ్లకు ఎవరిస్తరా అని చూసిన. ఎవరికీ అక్కర్నే లేదు. చేతులు ఖాళీగ ఉన్నయి గదా, ఆళ్లు ఎంతసేపూ మిషన్ దిక్కే చూస్తున్నరు."

మరి బస్సులో ఎందుకు చెప్పలేదని అడిగాడు మా నాయకుడు. "నన్నెవరు అడిగిన్రు?" అంది.

ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. అద్దం బయట ఉండిపోయిన మనిషికి చెప్పడానికి ఏముంటుందని అనుకున్నాను. నన్ను సారు ఎలా లెక్కలోంచి తీసేశారో, నేను ఆ పిల్లను సరిగ్గా అలాగే తీసేశాను. లోపలికి వెళ్లిన ఏడుగురమూ యంత్రాలూ, గోడలూ, కాగితాలూ చూసొచ్చాం. మనుషుల చేతులు చూసింది ఆమె ఒక్కతే.

షరతు ప్రకారం రేపు నువ్వే మాట్లాడాలి అన్నాను. ఆ మాట అనడం తేలిక కాలేదు. కుర్చీతో సహా వెనక్కి జరిగింది. ఇంగ్లీషులో అంతమంది ముందు తన వల్ల కాదనీ, బలవంతం చేస్తే రేపు గదిలోంచే రాననీ అంది. పొద్దున తాడు దగ్గర విన్న గొంతే. దాంతో వాదించి లాభం లేదని నాకు అప్పటికే తెలుసు. చివరికి అందరూ కలిసి తేల్చారు. మాట్లాడేది నేనే. కానీ ఆ విషయం ఎవరు చూశారో చెప్పి మాట్లాడాలి. అది చెప్పకుండా నేనెలాగూ మాట్లాడేదాన్ని కాదు, అయినా వాళ్లు చెప్పడం మంచిదే.

నాలుగో రోజు పొద్దున నా వంతు వచ్చింది. నిన్న మీ ఫ్యాక్టరీలో ఒక ఖాళీ కాగితం చూసి, తర్వాత నింపుతారని అనుకున్నాను, పొరపాటు పడ్డాను అని మొదలుపెట్టాను. ఎందుకలా అనుకున్నానో కూడా చెప్పాను. మా వైపు కొన్నిచోట్ల అలా నింపుతారు, అది పట్టుకోవడమే నా ఉద్యోగం, అందుకే నా కన్ను దాన్నే వెతుకుతుంది అన్నాను. రెండో వరసలో ఉన్న ఆ కురచ జుట్టు ఆమె తలెత్తి నా వంక చూసింది. నేనూ చూశాను. తర్వాత, సరిగ్గా చూసిన మనిషి అద్దం బయట నిలబడింది, అదిగో అక్కడ కూర్చుంది అని, పదకొండు మందీ, పెన్ను లేని చేతులూ చెప్పాను. రాసే పని యంత్రానికి వదిలిన మనిషి తన కళ్లను దేనికి వాడుకుంటున్నాడన్నదే మేం నేర్చుకున్నది అన్నాను. ఎనిమిది నిమిషాల్లో ఒక్క క్షణం మిగల్చలేదు.

అక్కడి ప్రొఫెసరమ్మ మెచ్చుకున్నట్టే తల ఊపి, ప్రశ్న మాత్రం నన్ను అడగలేదు. ఆ అమ్మాయికి పెన్నుల మీద దృష్టి ఎందుకు పోయిందని ఆమెనే అడిగింది.

మా చిట్కుల్ అమ్మాయి లేచింది. లేవక తప్పలేదు. స్టోర్సు అంది, పెన్ను అంది, నెలకొకసారి ప్రతి విభాగం నుంచి ఇన్ని పెన్నులు కావాలని చిట్టీ వస్తుందని చెప్పబోయి ఆగిపోయింది. మేం ఆ చిట్టీని ఇండెంట్ అంటాం. ఆమె అదే అంది, వాళ్లకు అర్థం కాలేదు. రెండోసారి అంది. వాళ్లకు అర్థమయ్యే మాట నాలుక చివర ఉంది నాకు. సారు నా వైపు తిరిగి కళ్లతో సైగ చేశారు, అందించండి అని. మా నాయకుడు మోచేత్తో పొడిచాడు.

నేను రెండు చేతులూ కుర్చీ కింద పట్టుకుని కూర్చున్నాను. అంత కష్టమైన పని ఆ నాలుగు రోజుల్లో ఇంకోటి చేయలేదు.

ఆమె అటూ ఇటూ చూసింది. నా వైపూ చూసింది. నేను కదల్లేదు. అప్పుడు నడుచుకుంటూ బోర్డు దగ్గరికి వెళ్లి ఒక కాగితం బొమ్మ గీసింది, దాని కింద పెన్నుల డబ్బా గీసింది, కాగితం నుంచి డబ్బాకు ఒక బాణం వేసింది. అవతలి వాళ్లు ఒక్కసారిగా "ఆఁ" అన్నారు. అక్కడి నుంచి ఆమె మాట ఆగలేదు. క్రియలు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి వెళ్లాయి, ఎవరికీ అడ్డు రాలేదు. నా ఎనిమిది నిమిషాల కంటే ఎక్కువే మాట్లాడింది. కాస్త కడుపు మండింది కూడా, దాచడమెందుకు.

తిరిగొచ్చి పక్కన కూర్చుని చేతికంటిన మార్కరు రంగు తుడుచుకుంటూ, "మంచిగ చెప్పిన్నా అక్కా?" అని గుసగుసగా అడిగింది.

"నన్నేం అడుగుతవ్? మార్కులేసేది ఆళ్లు. నేను గూడ నీ లెక్కనే కూసున్న" అన్నాను.

నూడుల్స్ గుంపు వాళ్లు లేచి తెర సరిచేసుకుంటున్నారు. మేమిద్దరం కుర్చీలు కాస్త ముందుకు జరుపుకుని, వాళ్లు ఎక్కడ తప్పు చెబుతారా అని వినడానికి కూర్చున్నాం.